టంగారా పిట్టల ఇంటిపేరు ఎందుకు మారింది?

డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయినేడాది పిల్లల్ని తీసుకుని కోస్టారికా వెళ్ళాడు. వాళ్ళు దిగిన లాడ్జి వెనకాల చెక్కబల్ల మీద రోజూ పొద్దున్నే అరటిపళ్ళు కోసి పెడతారట, అవి తినడానికి అడవిలోంచి రకరకాల పిట్టలు దిగుతాయి, అక్కడ తీసిన ఒక ఫోటో నాకు వాట్సాప్‌లో పంపి "అన్నా, దీని పేరేంటి, పిల్లలు అడుగుతున్నారు" అన్నాడు. చూడగానే గుర్తుపట్టా. తలంతా పసుపు ముద్దలా బంగారం రంగు, కళ్ళ దగ్గర నల్లటి ముసుగు, ఆ ముసుగు అంచున నీలం, వీపు నలుపు, పొట్ట తెలుపు, పక్కల మళ్ళీ నీలం. గోల్డెన్‌హుడెడ్ టానజర్. సైంటిఫిక్ పేరు టంగారా లార్వాటా అని కూడా టైప్ చేసి పంపించా. పది నిమిషాలకి మళ్ళీ మెసేజ్, "అన్నా ఇక్కడ యాప్‌లో స్టిల్ప్నియా లార్వాటా అని ఉంది, రెండూ ఒకటేనా లేక నువ్వు వేరే పిట్ట పేరు చెప్పావా?"

రెండూ ఒకటే. నా దగ్గరున్న పుస్తకం పాతది, వాడి యాప్ కొత్తది, మధ్యలో ఆ పిట్ట ఇంటిపేరు మారింది. ఎందుకు మారింది అనేది వాడికి ఫోన్‌లో చెబుదామని మొదలుపెడితే గంట పట్టింది, అప్పుడే అనుకున్నా ఇది తెలుగులో ఒకచోట రాసి పెట్టాలి అని, ఎందుకంటే పక్షుల మీద కొంచెం ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది, "ఈ సైంటిస్టులు ఊరికే పేర్లు మార్చేస్తుంటారు" అనేసి వదిలేస్తారు. ఊరికే మార్చరు. టంగారా కథ చూస్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

ముందు పేరు సంగతి. సైంటిఫిక్ పేరులో రెండు ముక్కలుంటాయి కదా, మొదటిది ప్రజాతి, అంటే జీనస్, రెండోది జాతి, అంటే స్పీషీస్. ఇంగ్లీషు వాళ్ళకి ఇది తిరగేసినట్టు అనిపిస్తుందేమో గానీ మన తెలుగువాళ్ళకి చాలా సులువు, ఎందుకంటే మనమూ ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాస్తాం. టంగారా ఇంటిపేరు, లార్వాటా దాని సొంత పేరు. లార్వాటా అంటే లాటిన్‌లో ముసుగు వేసుకున్నది అని. ఇంటిపేరు మారినా సొంత పేరు దాదాపు ఎప్పుడూ మారదు, అందుకే కొత్త పేరులో కూడా లార్వాటా అలాగే ఉంది.

2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలని 31 చేసినప్పుడు మా మేనమామ వాళ్ళ ఊరు మెదక్ జిల్లాలోంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఊరు కదల్లేదు, చెరువు కదల్లేదు, అడ్రస్‌లో ఒక లైన్ మారింది అంతే. టంగారా ప్రజాతిని విడగొట్టి కొత్త పేర్లు పెట్టిన పేపరు కూడా సరిగ్గా అదే 2016లో వచ్చింది. కాకపోతే జిల్లాల గీతలు పరిపాలన కోసం గీసుకున్నవి, పిట్టల గీతలకి మాత్రం చుట్టరికమే ఆధారం.

టంగారా అనే మాట యూరప్‌ది కాదు, బ్రెజిల్‌లో ఉండే టూపీ జనాల భాషలోది. 1648లో వచ్చిన బ్రెజిల్ ప్రకృతి గ్రంథంలో గెయోర్గ్ మార్క్‌గ్రాఫ్ ఆ మాటని రికార్డు చేశాడు, అక్కడినుంచి అది యూరప్ పండితుల చేతికి వెళ్ళింది. ఫ్రాన్సులో బ్రిస్సన్ 1760లో టంగారా అనే ప్రజాతి పెట్టాడు. లిన్నేయస్ దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు అటూ ఇటూ అయ్యి తనాగ్రా అయింది, దాన్నుంచే ఇంగ్లీషులో టానజర్ వచ్చింది. అసలు నాకు నచ్చే విషయం ఏంటంటే ఇవాళ బ్రెజిల్‌లో ఎవర్నైనా టంగారా అంటే ఏ పిట్ట అని అడిగితే వాళ్ళు చూపించేది మనం చెప్పుకుంటున్న ఈ పిట్టని కాదు, మానకిన్ అని వేరే కుటుంబం పిట్టని, అది ఆడపిట్ట ముందు వరసగా నిలబడి డాన్స్ చేసే నీలం పిట్ట. మన టంగారాలని వాళ్ళు సాయిరా అంటారు. అంటే పేరు ఒక పిట్టది, సైన్సులో అతుక్కున్నది ఇంకో పిట్టకి.

ఇలాంటి అతుకులు ఇంకా ఉన్నాయి. ఈ గుంపులో అందరికంటే అందమైనది ప్యారడైజ్ టానజర్, చిలకపచ్చ మొహం, నీలం పొట్ట, నల్లటి వీపు, నడుము దగ్గర ఎర్రగా మంట, దాని పేరు టంగారా చిలెన్సిస్. చిలెన్సిస్ అంటే చిలీ దేశానిది అని, కానీ చిలీలో ఆ పిట్ట లేదు, అది అమెజాన్ అడవి పిట్ట. టర్కాయిస్ టానజర్ పేరు టంగారా మెక్సికానా, అది మెక్సికోలో లేదు. బ్లాక్‌బ్యాక్డ్ టానజర్ పేరులో పెరువియానా అని ఉంది, అది పెరూలో లేదు, బ్రెజిల్ ఆగ్నేయ తీరంలో సముద్రం ఒడ్డు పొదల్లో మాత్రమే ఉంటుంది. ఆ రోజుల్లో పిట్టల చర్మాలు ఓడల మీద చేతులు మారి మారి యూరప్ చేరేవి, ఎక్కడ పట్టారో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు, చీటీ మీద ఏం రాసుంటే అదే పేరైపోయింది. మరి తప్పని తెలిశాక మార్చొచ్చు కదా అంటే, కుదరదు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది అనేది జంతువుల పేర్ల నియమావళిలో గట్టి రూలు, భౌగోళికంగా తప్పు అనే కారణంతో పేరు తీసెయ్యడానికి వీల్లేదు. అంటే తప్పుడు ఊరి పేరు కలకాలం ఉండిపోతుంది, ఇంటిపేరు మాత్రం మారుతుంది. ఈ రెండిటికీ తేడా ఇక్కడే ఉంది, సొంత పేరు అనేది ఒక గుర్తు అంతే, దాని అర్థం నిజమవ్వాల్సిన పని లేదు, ఇంటిపేరు మాత్రం ఒక మాట చెబుతుంది, "వీళ్ళంతా దగ్గర చుట్టాలు" అని, ఆ మాట తప్పని తేలితే మార్చాల్సిందే.

ఇప్పుడు చుట్టరికం ఎలా తెలుస్తుంది అనే సంగతికి వద్దాం. రెండొందల ఏళ్ళు ముక్కు చూసి తేల్చారు. ముక్కు లావుగా గింజలు కొరికేలా ఉంటే ఫించ్, సన్నగా వంకరగా తేనె తాగేలా ఉంటే హనీక్రీపర్, మధ్యస్తంగా ఉండి పళ్ళు తింటూ ఒంటినిండా రంగులుంటే టానజర్. వినడానికి బానే ఉంటుంది గానీ ముక్కు అనేది తిండిని బట్టి చాలా తొందరగా మారిపోయే అవయవం. డీఎన్‌ఏ చూడటం మొదలయ్యాక ఆ గోడలన్నీ కూలాయి. గలాపగోస్ దీవుల్లో ఉన్న ప్రసిద్ధమైన డార్విన్ ఫించ్‌లు ఫించ్‌లు కావు, టానజర్ కుటుంబం. తేనె తాగే హనీక్రీపర్లు టానజర్లు. దక్షిణ అమెరికాలో గడ్డి గింజలు తినే చిన్న చిన్న సీడ్‌ఈటర్లు కూడా టానజర్లే. అటునుంచి, అమెరికాలో ఎండాకాలం కనపడే ఎర్రటి స్కార్లెట్ టానజర్, మన వాళ్ళు న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో పెరట్లో చూసి ఫోటో తీసేది, పేరులో టానజర్ ఉన్నా అది టానజర్ కుటుంబం కాదు, కార్డినల్ కుటుంబం. యుఫోనియాలు అని పొట్టిగా పసుపూ నీలం కలిపి ఉండే పిట్టలు, వాటినీ టానజర్లే అనుకున్నారు, అవి నిజంగా ఫించ్‌లు అని తేలింది.

యుఫోనియాల దగ్గర ఒక్క నిమిషం ఆగుతా. వాటికి ఇష్టమైన తిండి బదనిక పళ్ళు. మన మామిడి తోటల్లో కొమ్మల మీద పుట్టే బదనిక ఉంటుంది కదా, దాని పళ్ళు తిని జిగురు గింజల్ని ఇంకో కొమ్మకి అంటించే పని మన దగ్గర బొటనవేలంత ఫ్లవర్‌పెకర్ పిట్ట చేస్తుంది. అక్కడ అదే పనిని యుఫోనియా చేస్తుంది. రెండిటికీ చుట్టరికం లేదు, ఖండాలు వేరు, వంశాలు వేరు, కానీ పని ఒకటే కాబట్టి పొట్టి ఒళ్ళూ చిన్న ముక్కూ దాదాపు ఒకేలా వచ్చాయి. పోలిక చూసి చుట్టరికం కలిపితే ఇలాగే మోసపోతాం.

కుటుంబం సంగతి అలా ఉంటే ఇక టంగారా ప్రజాతి లోపలి సంగతి. పాత పుస్తకాల లెక్క ప్రకారం ఇందులో దాదాపు యాభై జాతులు. మెక్సికో దిగువ నుంచి అర్జెంటీనా దాకా ఉన్న ఉష్ణమండల అమెరికాలో పక్షుల ప్రజాతుల్లో అప్పట్లో ఇదే అన్నిటికంటే పెద్దది. సగానికి పైగా యాండీస్ కొండల వాలుల మీద ఉంటాయి, మేఘాలు చెట్లలోకి దిగే ఆ తడి అడవుల్లో ఒకే చోట ఏడెనిమిది జాతులు కలిసి ఒకే గుంపులో తిరగడం చూడొచ్చు. మోర్టన్ ఐస్లర్, ఫిలిస్ ఐస్లర్ అనే దంపతులు 1987లో టానజర్ల మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చారు, అందులో టంగారాలని రంగు, అలవాట్లు, ఉండే చోటు చూసి 13 చిన్న గుంపులుగా సర్దారు, ఆ గుంపుల్లో చాలావరకు తర్వాత డీఎన్‌ఏకి కూడా నిలబడ్డాయి. కళ్ళతో అడవిలో ఏళ్ళ తరబడి చూసినవాళ్ళ చూపు అంత గట్టిది, నాకు ఆ విషయం చాలా గొప్పగా అనిపిస్తుంది.

నిలబడనిది మొత్తం ప్రజాతి హద్దు. శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీలో కెవిన్ బర్న్స్ అనే ఆయన, ఆయన దగ్గర చదివినవాళ్ళు, ఇరవై ఏళ్ళ పాటు మ్యూజియంలలో దాచిన కణజాలం ముక్కల నుంచి డీఎన్‌ఏ తీసి ఒక్కో గుంపూ కలుపుకుంటూ వచ్చారు, 2004లో టంగారా మీద ఒక పేపర్, తర్వాత 2014లో టానజర్ కుటుంబంలో దాదాపు 95 శాతం జాతులు కలిపి ఒక పెద్ద వంశవృక్షం. ఆ వృక్షంలో టంగారా కొమ్మల మధ్యలో ఇంకో ఇంటిపేరు వాళ్ళు కూర్చుని ఉన్నారు, థ్రాపిస్ అని.

థ్రాపిస్ అంటే లాటిన్ అమెరికాలో ఊళ్ళల్లో, పార్కుల్లో, కరెంటు తీగల మీద కనపడే బూడిద నీలం పిట్ట, బ్లూగ్రే టానజర్, దాని అన్నదమ్ములు. కొలంబియా, వెనెజులాల్లో దాన్ని అసులేహో అంటారు, నీలంది అని అర్థం, మనకి గోరింక ఎంత మామూలో వాళ్ళకి అది అంత మామూలు. చూడటానికి టంగారాల తళుకు ఏమీ ఉండదు, ఒళ్ళు కొంచెం పెద్దది, రంగు ఒకటే, అందుకే ఎవరూ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. డీఎన్‌ఏ మాత్రం అవి బయటివాళ్ళు కాదు, ఈ ఇంట్లోవాళ్ళే అంది.

ఇక్కడ ఒక రూలు అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది. ఒక తాతకి నలుగురు కొడుకులు అనుకోండి. తాత సంతానం అని లిస్టు రాయాలంటే నలుగురి పిల్లలూ అందులో ఉండాలి. మూడో కొడుకు పిల్లలు నల్లగా పొడుగ్గా ఉన్నారు, మిగతావాళ్ళలా లేరు అని వాళ్ళని తీసేసి, మిగిలిన ముగ్గురి పిల్లల్నీ "తాత సంతానం" అంటే అది తప్పు లిస్టు. అయితే అందర్నీ కలిపి రాయాలి, లేదంటే ఒక్కో కొడుకు పేరు మీద ఒక్కో లిస్టు విడిగా రాయాలి. మూడో దారి లేదు. జీవుల వర్గీకరణలో ఇవాళ దాదాపు అందరూ పాటించే నియమం ఇదే, ఒక ప్రజాతి అంటే వంశవృక్షంలో ఒక కొమ్మ మొత్తం రావాలి, కొమ్మలోంచి ఒక రెమ్మని విరిచి పక్కన పెట్టకూడదు.

థ్రాపిస్ బయట ఉంటే టంగారా అనేది విరిగిన కొమ్మ. కాబట్టి రెండు దారులు. ఒకటి, థ్రాపిస్ అనే పేరు తీసేసి అసులేహోలని కూడా టంగారాలో కలిపెయ్యడం, టంగారా 1760లో పెట్టింది, థ్రాపిస్ 1826లో పెట్టింది, ముందు పేరే చెల్లుతుంది కాబట్టి మిగిలేది టంగారా. రెండు, థ్రాపిస్‌ని అలాగే ఉంచి, టంగారానే ముక్కలు చెయ్యడం. మొదటి దారిలో పోవచ్చు అనే ఆలోచన కూడా బర్న్స్ బృందం నుంచే 2010 ప్రాంతంలో వచ్చింది. చివరికి 2016లో బర్న్స్, ఫిలిప్ యునిట్, నికొలస్ మేసన్ కలిసి జూటాక్సా పత్రికలో రాసిన వర్గీకరణలో రెండో దారి పట్టారు.

అలా యాభైలో సగం కంటే కొంచెం ఎక్కువ, 28 దాకా, టంగారాలోనే మిగిలాయి, ప్యారడైజ్ టానజర్ వాటిలోదే. మిగతావి నాలుగు ఇళ్ళకి వెళ్ళాయి. పెద్దది స్టిల్ప్నియా, 14 జాతులు, ఈ పేరు కొత్తగా పెట్టింది, గ్రీకులో స్టిల్ప్నోస్ అంటే తళతళలాడేది, మా తమ్ముడి పిట్ట ఈ ఇంటిది. ఒళ్ళంతా చుక్కలుండే స్పెకిల్డ్ టానజర్, దాని చుట్టాలు మొత్తం ఐదు ఇక్సోథ్రాపిస్ అయ్యాయి, ఇది 1851లో చార్ల్స్ లూసియన్ బొనపార్ట్ అనే పక్షిశాస్త్రవేత్త పెట్టి ఎవరూ వాడకుండా మూలపడిన పేరు, దాన్ని దుమ్ము దులిపి బయటికి తీశారు, గ్రీకులో ఇక్సోస్ అంటే బదనిక. గోల్డెన్‌నేప్డ్ టానజర్ ఒక్కటే ఒక ఇల్లు, చాల్కోథ్రాపిస్. ఇంక రెండు పిట్టలు పోసిలోస్ట్రెప్టస్ అయ్యాయి, వీటి కథ విచిత్రం, ఒకటి మెక్సికో దక్షిణాన చియాపస్ కొండల్లోనూ గ్వాటెమాలాలోనూ, రెండోది పనామా, కొలంబియా, ఈక్వెడార్ పసిఫిక్ వైపు తడి అడవుల్లో, మధ్యలో నికరాగ్వా, కోస్టారికా దేశాలు ఖాళీ, అయినా ఆ రెండూ ఒకదానికొకటి అన్నిటికంటే దగ్గర చుట్టాలు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఒకటి ఉంది. "డీఎన్‌ఏ టెస్టులో టంగారా ఐదు ప్రజాతులని తేలింది" అని రాస్తుంటారు. డీఎన్‌ఏ అలా చెప్పలేదు. డీఎన్‌ఏ చెప్పింది వంశవృక్షం ఆకారం మాత్రమే, ఎవరు ఎవరికి దగ్గర అనేది. ఆ వృక్షాన్ని ఎక్కడ కోసి ఏ ముక్కకి ఏ పేరు పెట్టాలి అనేది మనుషుల నిర్ణయం. కలిపేసినా సైన్సు తప్పు అయ్యేది కాదు, విడగొట్టినా కాదు, రెండిటికీ వెనకాల ఉన్న వృక్షం ఒకటే. మరి ఎందుకు విడగొట్టారు అంటే ఏది ఎక్కువ ఉపయోగపడుతుంది అనే లెక్క. నా మటుకు విడగొట్టడమే మంచిదనిపించింది, యాభైకి పైగా జాతులున్న ఒకే పేరులో వీధి తీగ మీద అసులేహో కూడా, మబ్బు అడవిలో ప్యారడైజ్ టానజర్ కూడా ఉంటే ఆ పేరు వినగానే మనసులో ఏ బొమ్మా రాదు. స్టిల్ప్నియా అంటే వస్తుంది, తళుకు ఒళ్ళు, చాలావాటిలో మగా ఆడా రంగులు వేరు, దట్టమైన అడవి కంటే అడవి అంచుల్లో, తోటల్లో ఎక్కువ. అలాగే ఇక్సోథ్రాపిస్ అంటే చుక్కలు. కాకపోతే ఒక్క పిట్ట కోసం చాల్కోథ్రాపిస్ అని ఒక ఇల్లు కట్టడం నాకు బాధగానే ఉంటుంది, ఇంటిపేరు చుట్టరికం చెప్పాలి, ఒక్కటే ఉన్న ఇల్లు ఏం చెబుతుంది, కానీ విడగొట్టే దారి పట్టాక అది తప్పించుకోలేని ఖర్చు.

పేపర్ వచ్చినంత మాత్రాన పేరు మారిపోదు. దక్షిణ అమెరికా పక్షులకి సంబంధించి ఒక వర్గీకరణ కమిటీ ఉంది, అప్పట్లో అది అమెరికన్ ఆర్నిథాలజికల్ సొసైటీ కింద ఉండేది, ఎవరైనా మార్పు కావాలంటే ప్రపోజల్ రాసి పెట్టాలి, సభ్యులు ఒక్కొక్కరు కారణం రాసి ఓటు వేస్తారు, మూడింట రెండొంతులు వస్తేనే పాస్. ఆ ఓట్లు, వాళ్ళ వాదనలు అన్నీ బహిరంగంగా చదువుకోవచ్చు. ఇది కాక ప్రపంచం మొత్తానికి ఐఓసీ లిస్టు, క్లెమెంట్స్ లిస్టు, బర్డ్‌లైఫ్ లిస్టు అని విడివిడిగా ఉండేవి, ఒకదాంట్లో మారింది ఇంకోదాంట్లో మారేది కాదు, అందుకే ఒకే పిట్టకి ఒక యాప్‌లో ఒక పేరు, ఇంకో పుస్తకంలో ఇంకో పేరు. ఈ గొడవ తగ్గించడానికే అందరూ కలిసి 2025లో ఏవిలిస్ట్ అని ఒక ఉమ్మడి జాబితా తెచ్చారు, దాని మొదటి కూర్పులో 11,131 జాతులున్నాయి. ఇక ముందు ఇది కొంచెం సుఖం.

ఇప్పటిదాకా చెప్పింది ఇంటిపేరు గొడవ. సొంత పేరు గొడవ, అంటే ఏది జాతి ఏది ఉపజాతి అనేది, పూర్తిగా వేరే ప్రశ్న, దీన్ని దాంతో కలపకూడదు. మా తమ్ముడు పంపిన రెండో ఫోటో దీనికి సరిగ్గా సరిపోతుంది. అదే బల్ల మీద నల్లటి పిట్ట, నడుము మీద మాత్రం నిప్పులాంటి ఎరుపు. అది టంగారా కాదు, రామ్ఫోసీలస్ అనే ఇంకో టానజర్ ప్రజాతి. కోస్టారికాలో ఈ పిట్ట కరీబియన్ సముద్రం వైపు ఒకటి, పసిఫిక్ వైపు ఒకటి ఉంటాయి, మధ్యలో కొండలు. మగపిట్టలు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా ఆడపిట్టల్లో ఉంది, పసిఫిక్ వైపు ఆడదానికి ఛాతీ మీద నారింజ రంగు పట్టీ. 1998లో వీటిని రెండు జాతులు అన్నారు, పాసెరినీ టానజర్, చెర్రీ టానజర్ అని. ఇరవై ఏళ్ళకి, 2018లో, అంత తేడా లేదని మళ్ళీ ఒకటి చేశారు, స్కార్లెట్‌రంప్డ్ టానజర్ అని. పిల్లల్ని తీసుకెళ్ళి రెండు వైపులా చూసొచ్చినవాళ్ళ లిస్టులో రాత్రికి రాత్రి ఒక పిట్ట తగ్గింది.

దీనికి ఎదురుగా కొలంబియాలో అదే ప్రజాతిలో ఇంకో జంట ఉంది. కౌకా లోయ వైపు ఉండే పిట్టకి నడుము ఎర్రగా, పసిఫిక్ పల్లపు ప్రాంతంలో దానికి నిమ్మపండు పసుపు. ఆ రెండూ కలిసే కొండ వాలు మీద రెండిటికీ కలిపి సంకర పిల్లలు పుడతాయి, వాటి నడుము నారింజ, ఎరుపుకీ పసుపుకీ మధ్య ఎన్ని ఛాయలుంటాయో అన్నీ కనపడతాయి. చార్ల్స్ సిబ్లీ 1958లో దీని మీద రాశాడు, ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. కలిసి పిల్లల్ని కంటున్నాయి కాబట్టి ఒకే జాతి అనేవాళ్ళు ఒకవైపు, కలిసేది ఆ సన్నటి పట్టీలోనే, అటూ ఇటూ మిగతా దేశమంతా విడిగానే ఉన్నాయి కాబట్టి రెండు అనేవాళ్ళు ఒకవైపు. ఇద్దరి దగ్గరా సరైన కారణాలే ఉన్నాయి. జాతి అనేది జరుగుతూ ఉన్న పని, మనం మధ్యలో వచ్చి ఫోటో తీస్తున్నాం.

టంగారా ఇంట్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. బేహెడెడ్ టానజర్‌కి తల ఇటుక రంగు, అది అన్ని చోట్లా ఒకటే, కానీ పొట్ట కోస్టారికాలో నీలం, ట్రినిడాడ్‌లో పచ్చ, రెండూ పక్కపక్కన పెడితే ఎవరైనా రెండు పిట్టలంటారు, ఇప్పటికి ఒకే జాతి కింద ఉంచారు. స్టిల్ప్నియా ఇంట్లో బర్నిష్డ్‌బఫ్ టానజర్, ఉత్తరాన ఒక రూపం, దక్షిణాన గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చారతో ఇంకో రూపం, అమెజాన్ దిగువన రెండూ కలిసిపోతాయి కాబట్టి ఒకటే. పెరూ పేరు పెట్టుకుని బ్రెజిల్‌లో ఉండే పెరువియానా, దాని పక్కనే ఉండే ప్రెసియోసా, ఈ రెండిటి మగపిట్టలు వీపు రంగుతో తెలిసిపోతాయి, ఆడపిట్టల్ని మాత్రం విడదీయడం చాలా కష్టం, ఇవి రెండా ఒకటా అని చాలాకాలం వాదించుకున్నారు, ఇప్పుడు రెండుగానే రాస్తున్నారు.

ఒకే అడవిలో ఇన్ని జాతులు కొట్టుకోకుండా ఎలా బతుకుతాయి అనేది కూడా చెప్పాలి, ఎందుకంటే జాతులు ఇన్ని ఉండటానికి అదొక ఆధారం. పళ్ళ దగ్గర పెద్దగా పోటీ ఉండదు, మైకోనియా అనే పొద కాయలు కాస్తే అందరూ వచ్చి తింటాయి. తేడా పురుగుల దగ్గర. డేవిడ్ స్నో, బార్బరా స్నో దంపతులు ట్రినిడాడ్‌లో కూర్చుని రాసుకున్నది 1971లో వచ్చింది, అందులో మూడు టంగారాలు, ఒకటి ఆకుల మీదే వెతుకుతుంది, ఇంకోటి లావు కొమ్మ మీద నిలబడి తల కిందికి వంచి కొమ్మ అడుగు భాగంలో వెతుకుతుంది, మూడోది సన్నటి పుల్లల చివర. ఒకే చెట్టు, మూడు పొలాలు. కొమ్మ అడుగున వెతికేది మనం పైన చెప్పుకున్న బేహెడెడ్ టానజరే, ఆకులు వెతికేది చుక్కల పిట్ట, పుల్లలు వెతికేది మెక్సికోలో లేని మెక్సికానా.

ఇక రంగు. ఈ పిట్టల నీలానికి నీలం రంగు పదార్థం ఏదీ లేదు. మన పాలపిట్ట రెక్క నీలం లాగే అది ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగుని విరజిమ్మడం వల్ల కనపడేది, ఈక నూరితే నీలం రాదు. పసుపూ ఎరుపూ మాత్రం తిన్న పళ్ళలోంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు ఈమధ్య ఇంకో విషయం కనిపెట్టారు, పైకి కనపడే ఎరుపు, పసుపు ఈకల కింద తెల్లటి పొర, నీలం ఈకల కింద నల్లటి పొర దాగి ఉంటాయి, గోడకి రంగు వేసేముందు ప్రైమర్ వేసినట్టు, దాంతో పై రంగు ఇంకా గట్టిగా కొడుతుంది. ఇంత తేలిగ్గా మార్చుకోగలిగే రంగుని చూసి వంశం తేల్చాలనుకోవడం ఎందుకు కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పేర్ల మీద ఇంత శ్రమ ఎందుకు అని మా తమ్ముడు కూడా అడిగాడు. బ్రెజిల్ తూర్పు తీరాన అట్లాంటిక్ అడవిలో మెక్సికానా రూపం ఒకటి విడిగా ఉంది, అమెజాన్ గుంపుకి దూరంగా, పొట్ట తెల్లగా. దాన్ని ఉపజాతి అంటే అది అమెజాన్ మొత్తం నిండా ఉన్న మామూలు పిట్టలో ఒక భాగం, దాని గురించి ఎవరూ విడిగా లెక్క వెయ్యరు. టంగారా బ్రసిలియెన్సిస్ అని జాతిగా రాస్తే అడవి నరికేసిన ఒక సన్నటి తీరం మాత్రమే దాని లోకం, దాని మంచిచెడ్డలు విడిగా చూడాల్సి వస్తుంది. అదే తీరానికి ఇంకా పైన పెర్నాంబుకో, అలగోవాస్ వైపు సెవెన్‌కలర్డ్ టానజర్ ఉంది, టంగారా ఫస్టువోసా, అక్కడ అడవి చెరుకు తోటలైపోయింది, మిగిలిన పిట్టల్ని రంగుల కోసం పంజరాల్లో పెట్టి అమ్మారు, ఇవాళ అది ముప్పులో ఉన్న జాతి.

తమ్ముడికి చివరగా ఇంకోటి చూపించా. సైంటిఫిక్ పేరు పూర్తిగా రాసేటప్పుడు పక్కన మొదట వర్ణించిన మనిషి పేరు, సంవత్సరం రాస్తారు, ఆ మనిషి పెట్టిన ఇంటిపేరు తర్వాత మారిపోయి ఉంటే ఆ పేరుని బ్రాకెట్లలో పెడతారు. వాడి యాప్‌లో స్టిల్ప్నియా లార్వాటా పక్కన డు బ్యూ, 1846 అని బ్రాకెట్లలో ఉంది. "అంటే టంగారా నుంచి మారింది కాబట్టి బ్రాకెట్లు వచ్చాయా" అన్నాడు. నా పాత పుస్తకంలో టంగారా లార్వాటా దగ్గర తీసి చూశా, అక్కడ కూడా బ్రాకెట్లున్నాయి. ఎందుకంటే పందొమ్మిదో శతాబ్దంలో ఈ పిట్టల ఇంటిపేరు టంగారా కూడా కాదు, కల్లిస్టే. స్క్లేటర్ 1857లో వీటి మీద రంగుల బొమ్మలతో వేసిన పెద్ద పుస్తకంలో అదే పేరు, గ్రీకులో దానర్థం అన్నిటికంటే అందమైనది అని.